మడతపెట్టిన వైరు కొస

చిరంజీవి తమ్ముడిని ఆశీర్వదించి అన్నయ్య రాసేది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే కాగితం తీశాను. ఉభయుల్లో నువ్వు కుశలంగా లేవని నువ్వే రాశావు. ఇక్కడ మీ వదిన ఆరోగ్యం ఫరవాలేదు. నా ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. ఒంటికన్నుతో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు గీత తప్పి కిందికి జారితే తాగి రాశాననుకోకు. ఆ దెబ్బ ఎలా తగిలిందో వరసలో చెబుతాను. అంతా క్షేమం అనే మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అందరం బతికే ఉన్నాం.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. తొమ్మిది నెలల తర్వాత నీ చేతిరాత చూసి మీ వదిన కవరు చింపకుండా కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మీరే చదవండి, నాకు కళ్ళు మసకలేస్తున్నాయి" అంది. చదివాను. అయిదు ప్రశ్నలు అడిగావు. నాలుగింటికి జవాబులు తేలిక. అయిదోది కాగితం అడుగున, అడగాలా వద్దా అన్నట్టు చీమంత అక్షరాలతో రాశావు. ఆ ఒక్కటీ ఆవిడకు చదివి వినిపించలేదు. దానికీ ఈ ఉత్తరంలోనే జవాబు ఉంది. ముందు తేలికవి తేల్చుకోనివ్వు. ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు కాస్త కాగితం ఖర్చవుతుంది.

వదిన చెయ్యి గురించి అడిగావు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ తీసేశారని నీకు తెలిసిందే. నువ్వు వెళ్ళాక తొడ మీది చర్మం తెచ్చి అరచేతిలో అతికారు. అది అతుక్కుంది. కానీ పిడికిలి మూసుకోదు. చలి పొద్దుల్లో పోయిన వేళ్ళే నొప్పెడుతున్నాయట, లేని వేళ్ళు నొప్పెట్టడం ఏమిటని డాక్టర్‌తో పోట్లాడి వచ్చింది. గిన్నె జారిపోయినప్పుడల్లా గిన్నెని తిడుతుంది, చేతిని మాత్రం ఒక్కసారీ తిట్టలేదు. బట్టలు చేత్తోనే ఉతుకుతోంది. ఆ సంగతి తర్వాత.

మన వైరింగ్ మేస్త్రీ దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గలేదు. మందు తాగమంటే, ఈ దగ్గు లేకపోతే నేను వస్తున్నట్టు పనివాళ్ళకి ఎలా తెలుస్తుందిరా అంటాడు. నీ సామాన్ల సంచీ ఎవరికైనా ఇచ్చేశానా అని అడిగావు. ఇవ్వలేదు. నువ్వు తగిలించిన మేకుకే ఉంది. నెలకోసారి మీ వదిన దించి, ప్లేయర్లకి నూనె రాసి మళ్ళీ తగిలిస్తోంది. నన్ను ముట్టుకోనివ్వదు.

బిస్కెట్ల గోడౌన్లో అట్టపెట్టెలు మోస్తున్నానని రాశావు. గదిలో ఫ్యాను స్విచ్ కూడా పక్కవాడి చేత వేయించుకుంటున్నానని, టెస్టర్ కనిపిస్తే చెయ్యి వణుకుతోందని రాశావు. అది చదివి ముందు కోపమొచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపం రూపంలోనే వస్తుందని నీకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా వైరు పట్టిన చెయ్యిరా నీది. మేస్త్రీ దగ్గర పని నేర్చిన వాళ్ళలో నీ అంత శుభ్రంగా బోర్డు కట్టినవాడు ఇంకొకడు లేడు. ఎదురుగా నీకెప్పుడూ ఆ మాట చెప్పలేదు.

నాలుగో ప్రశ్న, ఇంట్లో బోర్డు మార్చావా అని. మార్చాను. కానీ అది మార్చడానికి ముందు నేనొక మనిషి పన్ను విరగ్గొట్టి పోలీస్ స్టేషన్లో కూర్చొని వచ్చాను. అక్కణ్ణుంచి చెబితేనే నీకు అర్థమవుతుంది.

నీ ఉత్తరం వచ్చిన రెండో రోజు. బట్టల కొట్టాయన ఇంట్లో షాక్ కొట్టకుండా నేను పెట్టిన ఆర్‌సీసీబీ రోజుకి మూడుసార్లు పడిపోయి కరెంటు కట్టవుతోందని కబురు పెట్టాడు. వెళ్ళి మీటర్ పెట్టి చూశాను. నీళ్ళ మోటారు లోపల తడి చేరి, కరెంటు నేలలోకి కారుతోంది. కొట్టుకి వెళ్ళి, మోటారు బాగు చేయించండి, మీ ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు అని మర్యాదగానే చెప్పాను. ఆయన కొట్లో తెల్లబట్ట తాను విప్పి ఎవరికో చూపిస్తున్నాడు. నా వైపు తిరక్కుండానే, "మోటారు సంగతి తర్వాత. ముందు ఆ డబ్బాని తప్పించి లైను డైరెక్టుగా ఇచ్చెయ్. రెండు నిమిషాల పని. మీవాళ్ళంతా చేసేదే కదా" అన్నాడు.

మీవాళ్ళంతా చేసేదే కదా అన్న మాట పూర్తయ్యిందో లేదో తెలియదు, నా పిడికిలి ఆయన మూతి మీద ఉంది. పన్ను విరిగి తెల్లబట్ట మీద పడింది. ఆయన వెనక్కి అద్దాల బీరువా మీద పడ్డాడు, అద్దం పగిలింది. పడినవాణ్ణి లేపి మళ్ళీ కొట్టాను. కొట్లో పనిచేసే ముగ్గురు నన్ను వెనక్కి లాగి, నేల మీద పడేసి తన్నారు. తన్నులు తింటుంటే నాకు ప్రాణం హాయిగా ఉందిరా. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజం.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్, "ఏమన్నాడయ్యా నిన్ను, అమ్మని తిట్టాడా?" అని అడిగాడు. "లేదండీ, పని చెప్పాడు" అన్నాను. "పని చెబితే పళ్ళు రాలగొడతావా? జీతం ఇస్తే తల తీస్తావేమో" అన్నాడు, అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. సాయంత్రానికి మేస్త్రీ వచ్చి కొట్టాయన కాళ్ళూ పోలీసుల గడ్డాలూ పట్టుకుని నన్ను విడిపించాడు. దారిలో భుజం మీద చెయ్యి వేసి అన్నాడు, "పెద్దోడా, పని విషయంలో నీకున్న పట్టింపు ఎవడికీ లేదురా. ఆ రోజు సొంత తమ్ముడని కూడా చూడకుండా చిన్నోణ్ణి అందుకే కదా అంత కొట్టావు." మెచ్చుకుంటున్నాడు. నేను ఆ చేతిని భుజం మీంచి తీసేశాను. తన్నులు తగిలిన చోట పట్టిందనుకుని ఆయన వీపు నిమిరాడు.

మర్నాడు పొద్దున్నే మన బోర్డు విప్పాను. ఊరందరికీ బోర్డులు కట్టేవాణ్ణి, తొమ్మిది నెలలుగా నా ఇంటి బోర్డు కవరు ముట్టుకోలేదు. వాషింగ్ మిషన్ లైను కత్తిరించి వదిలేశాను, మిగతాది ఎలా ఉందో అలాగే. మీ వదిన అప్పుడప్పుడూ అడిగేది, తీరిక లేదనేవాణ్ణి.

పాత ఆరు లైన్ల ప్లాస్టిక్ డబ్బా పీకేసి, పన్నెండు లైన్ల ఇనప డబ్బా బిగించాను. ఈసారి ఆర్‌సీసీబీలు రెండు. నీళ్ళు తగిలేవన్నీ, అంటే వంటిల్లు, బాత్రూము, బట్టలుతికే చోటు ఒకదాని కింద. దీపాలూ ఫ్యాన్లూ రెండోదాని కింద. ఒకటి పడితే రెండోది నిలబడుతుంది. ఇల్లంతా చీకటైనప్పుడే కదా మనిషికి దాన్ని తప్పించే పాడుబుద్ధి పుట్టేది. పెరట్లో కొత్త ఎర్త్ గొయ్యి తవ్వాను. పాత కడ్డీ తుప్పు పట్టి చేతిలోకి ఊడి వచ్చింది. బట్టలుతికే చోటికి వెళ్ళే ఎర్త్ వైరు గోడలో, పైపు లోపలే తెగిపోయి ఉంది. ఎప్పుడు తెగిందో ఎవడికి తెలుసు. దీపాల న్యూట్రల్ వైరు ఒకటి అవతలి ఆర్‌సీసీబీ పట్టీకి కలిసిపోయి, మెయిన్ వెయ్యగానే రెండూ పడిపోయాయి. అది వెతకడానికి నాకు గంటన్నర పట్టింది. నువ్వుంటే పావుగంట.

మీ వదిన స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. పని అంతా చూసింది. కవరు బిగించబోతుంటే ఆపింది.

"ఇందులో నన్ను కాపాడేది ఏది?"

చూపించాను. "వెళ్ళిన కరెంటంతా తిరిగి రావాలి. ఏ కొంచెం తగ్గినా అది ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని దీనికి తెలిసిపోతుంది. వెంటనే కట్ చేసేస్తుంది."

"ఎంతసేపట్లో?"

"నువ్వు అబ్బా అనేలోపు."

"పాతదాంట్లో ఇది లేదా?"

"ఉంది."

"నాలుగేళ్ళ కిందట మన అబ్బాయి పెట్టింది ఇదేగా." నిన్ను ఆవిడ ఇప్పటికీ మన అబ్బాయి అనే అంటుంది, మరిది అనదు.

"ఇదే."

"మరి ఆ రోజు నేను దానికి కనపడలేదా?"

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. ఆ పైన జరిగింది రాసే ముందు, ఆ రోజు సంగతి నీతో చెప్పాలి. నీకు తెలియక కాదు. ఆ రోజు గురించి మనిద్దరం ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒక్కసారి కాగితం మీద పడనీ.

ఉదయం నువ్వు గడ్డం గీసుకుంటున్నావు. నేను పనిలో ఉన్నాను. తడి చేత్తో మిషన్ మూత పట్టుకున్న వదిన దానికి అతుక్కుపోయింది. కేక కూడా రాలేదట, గొంతులోంచి ఏదో గుర్రుమన్న చప్పుడు వస్తే నువ్వు విన్నావట. వెళ్ళి పట్టుకుని లాగకుండా ముందు హాల్లోకి పరిగెత్తి మెయిన్ ఆపావు. ఇంకెవడైనా అయితే ఆవిణ్ణి పట్టుకుని వాడూ పోయేవాడు. తర్వాత ఆవిణ్ణి నేల మీద పడుకోబెట్టి గుండె మీద గుద్దుతూనే ఉన్నావు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ ఎముకలు విరిచినవాడు ఎవడోగాని, మనిషిని వెనక్కి తీసుకొచ్చింది వాడేనని పెద్ద డాక్టర్ నాతో అన్నాడు. అప్పుడది నీతో చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళాక, ఆర్‌సీసీబీ ఎందుకు పడలేదో చూద్దామని మేస్త్రీ, మరో ఆరుగురు వైరింగ్ వాళ్ళు నాతో ఇంటికి వచ్చారు. నేను బోర్డు కవరు విప్పాను. అప్పుడే నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డావు. సగం గడ్డం మీద సబ్బునురగ ఎండిపోయి ఉంది. చొక్కా మీద వదిన నోటి చొంగ.

వాషింగ్ మిషన్ లైను ఆర్‌సీసీబీ కిందనుంచి తప్పించేసి ఉంది. మెయిన్ నుంచి నేరుగా దానికి ఒక ఎర్ర వైరు ముక్క, ఒక నల్ల ముక్క. పాత కవరు లోపలి వైపు నాలుగేళ్ళ కిందట నువ్వు పెన్సిల్‌తో వేసుకున్న తేదీ, నీ సంతకం. నేను దాని మీద వేలు పెట్టి, "ఈ బోర్డు కట్టింది ఎవడ్రా?" అని అరిచాను. గోడకి ఆనించి ఉన్న ఇనప పైపు తీశాను.

మొదటి దెబ్బ భుజం మీద. రెండోది పక్కలో. నువ్వు పడబోతే మేస్త్రీ వెనకనుంచి నీ రెండు చేతులూ పట్టుకుని నిలబెట్టాడు. తర్వాత ఎన్నో నేను లెక్కపెట్టలేదు. చెవి చిట్లి మెడ మీదికి నెత్తురు కారింది. చేతులు విడిపించుకుని తలకి అడ్డం పెట్టుకున్నప్పుడు ఎడమ ముంజేయి విరిగింది. ఆ చప్పుడు గదిలో అందరూ విన్నారు, అందరూ ఆగారు, నేను మాత్రం ఆగలేదు. నువ్వు ఒక్కసారి కూడా నేను కాదనలేదు. మధ్యలో "వదినకి మెలకువొచ్చిందా అన్నయ్యా?" అని మాత్రం అడిగావు. అడిగినందుకు మూతి మీద కొట్టాను. నాలుగో రోజున కట్టు కట్టిన చెయ్యి మెడలో వేలాడేసుకుని ఆసుపత్రికి వచ్చి, అద్దంలోంచి ఆవిణ్ణి చూసి, అటునుంచి అటే వెళ్ళిపోయావు.

ఇప్పుడు నీ అయిదో ప్రశ్న. నీ మాటల్లోనే ఇక్కడ రాస్తున్నాను. "అన్నయ్యా, ఆ లైను తప్పించింది నేనేనా? రెండు నెలల ముందు వంటింటి ఎంసీబీ స్విచ్చు మార్చాను, ఆ రోజు నాకు జ్వరం. మతిలో లేకుండా అలా చేశానేమో. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఒక్కోసారి చేసినట్టే కళ్ళకు కడుతోంది. నువ్వు కళ్ళారా చూశావు కదా, నువ్వు చెప్పు. నువ్వు ఏది చెబితే అదే."

నువ్వు కాదురా. నేను.

ఆ ఉదయానికి ఇరవై రెండు రోజుల ముందు. నువ్వు ఊరవతల సైటులో ఉన్నావు, వారం దాకా ఇంటికి రాలేదు. సినిమా హాల్లో ప్యానెల్ పని, ఎనిమిదింటికల్లా నేను అక్కడ ఉండాలి. వదిన మిషన్ వేసింది. ఆర్‌సీసీబీ పడింది. ఎత్తాను, పడింది. నాలుగుసార్లు ఎత్తాను. మిషన్లో హీటర్ పోయిందని రెండోసారికే నాకు తెలుసు. నానేసిన బట్టలు లోపలే ఉన్నాయని ఆవిడ సణుగుతోంది, అటు ఫోన్ మోగుతోంది. నిలబడినచోటే, చెప్పులు కూడా విప్పకుండా ఆ రెండు ముక్కలూ పెట్టి లైను నేరుగా ఇచ్చేశాను. ఆ మాట అన్నందుకే ఒకడి పన్ను రాలగొట్టాను చూడు, అదే పని. సాయంత్రం వచ్చి హీటర్ మారుద్దాం అనుకున్నాను. సాయంత్రం భోంచేసి పడుకున్నాను. మర్చిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. రెండుసార్లు గుర్తొచ్చింది. మిషన్ తిరుగుతోంది, ఎవరికీ ఏమీ కాలేదు, ఆదివారం చూద్దాంలే అనుకున్నాను.

ఇక్కడితో ఆపెయ్యాలని ఉంది. పొరపాటు చేశాడు, కోపంలో ఒళ్ళు తెలియక తమ్ముణ్ణి కొట్టాడు, తర్వాత నిజం తెలిసి కుమిలిపోయాడు, ఇలా నువ్వు అనుకుంటావు, నన్ను క్షమించేస్తావు కూడా. నీ బుద్ధి నాకు తెలుసు. కానీ నిజం తర్వాత తెలియలేదు. నీ మీద పైపు ఎత్తక ముందే తెలుసు.

కవరు తీయగానే ఆ ఎర్ర ముక్క నాదని గుర్తుపట్టాను. వెనకనుంచి ఏడుగురు ఏమైంది ఏమైంది అంటున్నారు. ఇంకొక్క అడుగు ముందుకు వేసి చూస్తే అది ఎవరి పనితనమో వాళ్ళలో ఒక్కడైనా పట్టేస్తాడు. వాళ్ళు బోర్డు వైపు చూడకూడదు. నువ్వు గుమ్మంలో ఉన్నావు. ఇదంతా నేను ఆలోచించానురా, నీ వైపు నాలుగు అడుగులు వేసేలోపు ఆలోచించాను. కొట్టగా కొట్టగా నువ్వే చేశావని నాకే నమ్మకం కుదురుతుందేమోనని కొట్టాను. కుదరలేదు, అందుకని ఇంకా కొట్టాను. నిన్ను బయటికి ఈడ్చి అందరూ నీ చుట్టూ మూగినప్పుడు, వెనక్కి వెళ్ళి ఆ రెండు ముక్కలూ పీకి జేబులో వేసుకున్నాను.

మీ వదినకి ఇదంతా ఇలాగే చెప్పాను. పూర్తిగా విన్నది. ఒక్కటే అడిగింది.

"మొదటి దెబ్బకి ముందే తెలుసా, తర్వాత తెలిసిందా?"

"ముందే."

కింద పడి ఉన్న, పాత బోర్డులో స్విచ్చులు బిగించే ఇనప పట్టీ తీసుకుంది. మూడు వేళ్ళతో ఆవిడకి చెంచా నిలవదు, అది ఎలా నిలిచిందో తెలియదు. నా నుదుటి మీద దెబ్బ పడింది. నేను కింద పడ్డాక మళ్ళీ కొట్టింది, కంటి మీద. "నా వేళ్ళు పోతే పోయాయి. నన్ను బతికించినవాణ్ణి నా ఇంట్లోనే చావబాదావు నువ్వు. నాలుగో రోజు వాడు వస్తే, నాకు మెలకువ ఉండి కూడా మొహం తిప్పుకున్నాను. తిప్పుకునేలా చేశావు నువ్వు" అంది. పదిహేనేళ్ళ కాపురంలో నన్ను నువ్వు అనడం అదే మొదలు. ఇప్పటికీ అలాగే పిలుస్తోంది. కుట్లు వేయించుకోవడానికి ఒక్కణ్ణే వెళ్ళాను.

ఆ రోజు నువ్వు వచ్చినప్పుడు ఆవిడ నిద్రపోతోందని నీకు చెప్పాను. అదీ అబద్ధమే. మెలకువగానే ఉంది. నీ పనే అని అప్పటికే ఆవిడ చెవిన వేశాను.

ఆదివారం పొద్దున మేస్త్రీ దుకాణం దగ్గర అందరూ చేరి ఉండగా వెళ్ళాను. ఏడుగురి ముందు కొట్టాను కాబట్టి ఆ ఏడుగురి ముందే చెప్పాలి. చెప్పాను. ఒకడు మొహం మీద ఉమ్మేసి వెళ్ళిపోయాడు. మేస్త్రీ కొడతాడని ఎదురుచూశాను. ఆయన కొట్టలేదు. దగ్గు తెర వచ్చి చాలాసేపు దగ్గాడు. తర్వాత తన రెండు అరచేతులూ నా మొహం ముందు పెట్టి, "వాడు పారిపోకుండా పట్టుకున్నది ఇవేరా పెద్దోడా. ఇప్పుడు వీటిని నన్నేం చేసుకోమంటావు?" అన్నాడు. నా లైసెన్సు కార్డు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. మన కొత్త బోర్డుకి టెస్టింగ్ చేసి సంతకం పెట్టింది ఆయనే, నేను పెట్టలేదు.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. నువ్వు ఈ ఉత్తరం నమ్మవు. అన్నయ్య నా మీద జాలితో తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడని అనుకుంటావు. నా మాటంటే నీకు అంత గురి, దాన్ని అడ్డం పెట్టుకునే కదా తొమ్మిది నెలలు నిన్ను కాల్చుకు తిన్నాను. అందుకని నా మాట నమ్మొద్దు. ఈ కవరులో ఆ ఎర్ర వైరు ముక్క పెట్టాను. తీసి చూడు.

రెండు కొసలూ చూడు. తోలు అవసరానికి మించి ఒలిచి, రాగి కొసని వెనక్కి మడిచి, రెండు పేటలు చేసి బిగించి ఉంది. నువ్వు జన్మలో కొస మడవలేదు. కొసకి లగ్గు తొడుగు వేసి కొట్టందే స్క్రూ కింద పెట్టవు. "మడిస్తే పోగులు తెగుతాయి అన్నయ్యా" అని నాతో ఎన్నిసార్లు వాదించావో, నీకు మొదట వైరు పట్టించింది ఎవడ్రా అని నేను ఎన్నిసార్లు నోరు మూయించానో నీకు గుర్తుండే ఉంటుంది. కోసిన చోట వేలితో రాసి చూడు, సన్నటి అంచు గుచ్చుకుంటుంది. నా కటింగ్ ప్లేయర్ పన్ను విరిగి ఉంది కాబట్టి ప్రతి కోతకీ ఆ అంచు మిగులుతుంది. అది నా ఒక్కడి దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వను. జ్వరమొచ్చినా మతి పోయినా నువ్వు ఈ కొస ఇలా మడవలేవు, నీ చేతికి అది రాదు.

మీ వదిన ఈ ఉత్తరం ఇక్కడిదాకా చదివింది. ఎక్కడా కొట్టివేయమనలేదు, ఒక్క మాటా కలపలేదు. నిన్ను రమ్మని రాయనా అని అడిగితే, "రావడం మానడం వాడిష్టం. వచ్చి నిన్ను కొడతానంటే మాత్రం నీ చేతులు నేను పట్టుకుంటాను" అంది. క్షమించమని ఈ ఉత్తరంలో నేను అడగలేదు, చూసుకో. అడిగితే నువ్వు జవాబు రాయాల్సి వస్తుంది. నువ్వు చేయాల్సిన పని వేరే ఉంది.

గోడౌన్లో పని మానేస్తున్నానని రేపు చెప్పెయ్. ఆ ఊళ్ళో వైరింగ్ మేస్త్రీ ఎవరుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళి పని అడుగు. మొదట్లో చెయ్యి వణికితే వణకనీ. ఆ ఉదయం మీ వదిన చనిపోయి నేల మీద పడి ఉంటే, ఆ రెండు చేతులతోనే నువ్వు ఆవిణ్ణి లేపావు. ఆ చేతులు తప్పు చేశాయని నీకు చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను అబద్ధం చెప్పాను.

ఇట్లు,
నీ చెయ్యి విరగ్గొట్టిన
అన్నయ్య